వాదనను తూచే త్రాసు: దళిత క్రైస్తవుల హోదా ప్రశ్న ఆధారముగా ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతము

సంఘ కాపరి పని ప్రసంగ వేదిక దగ్గరనే ముగిసిపోదు. మద్యనిషేధము ఉండాలా వద్దా, రిజర్వేషన్లు ఎవరికి చెందాలి, మతమార్పిడిని నియంత్రించే చట్టాలు న్యాయమైనవేనా అనే ప్రశ్నలు ఆరాధన ముగిసి బయటికి వచ్చేసరికే ఎదురవుతాయి. కాపరి సభలలో మాట్లాడవలసి వస్తుంది. వినతిపత్రముల మీద సంతకము చేయవలసి వస్తుంది. పాస్టరుగారు చెప్పారంటే నమ్మేవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. అందుచేత మన నోటినుండి వచ్చే వాదన ముందు మన చేతిలోనే తూకానికి రావాలి.

సామాజిక విషయములలో సాధారణముగా జరిగేది వేరు. ముగింపు మనకు నచ్చితే వాదన బలమైనదంటాము. నచ్చకపోతే బలహీనమైనదంటాము. అంటే త్రాసులో రాయి వేయకముందే ముల్లు ఎటు మొగ్గాలో నిర్ణయించుకుంటున్నాము. ఈ అలవాటు అన్ని పక్షములవారికీ ఉన్నది, విశ్వాసులకు కూడా ఉన్నది. న్యాయమైన కోరికకు బలహీనమైన వాదన జోడిస్తే నష్టపోయేది ఆ న్యాయమైన కోరికే. ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము ఆ సంగతిని వివరించడము. ఒక వాదన బలమును ఏ విధముగా తూచాలో చెప్పి, తెలుగు సంఘములకు దగ్గరదైన ఒక ప్రశ్న మీద, అంటే దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కులాల హోదా ఇవ్వాలా అనే ప్రశ్న మీద, ఆ పద్ధతిని ప్రయోగించి చూద్దాము.

2. వాక్యములోని పునాది

వాదనలను పరీక్షించడము అవిశ్వాసమునకు గుర్తు అని కొందరు తలుస్తారు. వాక్యము ఆ విధముగా బోధించదు. వ్యాజ్యములో మొదట మాట్లాడినవాని మాట ఎంత సరిగా తోచినా, రెండవవాడు వచ్చి ప్రశ్నలు వేసేవరకు నిజము తెలియదని జ్ఞాని హెచ్చరిస్తున్నాడు (సామె. 18:17). సంగతి పూర్తిగా వినకముందే జవాబిచ్చేవాడు బుద్ధిహీనుడని అదే అధ్యాయములో చెప్పాడు (18:13). ఒక్క సాక్షి మాట మీద నేరము స్థిరపరచకూడదని ధర్మశాస్త్రము విధించింది (ద్వితీ. 19:15). బెరయవారు పౌలు బోధను సహితము లేఖనములతో సరిచూచుకున్నందుకు మెప్పు పొందారు (అపొ.కా. 17:11).

అన్నిటికంటె ఆలోచింపజేసేది నిర్గమకాండము 23వ అధ్యాయము. అక్కడ రెండు ఆజ్ఞలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. బీదవానికి రావలసిన న్యాయమును త్రిప్పివేయకూడదు (23:6). ఇది మనకు బాగా తెలిసిన ఆజ్ఞ. దానికి ముందే మరొకటి ఉన్నది. బీదవాడన్న కారణము చేత వ్యాజ్యములో వాని పక్షమున మొగ్గకూడదు (23:3). బీదల పక్షము వహించే దేవుడే ఈ రెండవ మాట ఎందుకు చెప్పాడు? జాలి ఒకటి, రుజువు ఒకటి. జాలి మనలను బీదవాని దగ్గరకు నడిపించాలి. అక్కడికి చేరిన తరువాత అతని పక్షమున రుజువులు సేకరించడము మన పని. జాలినే రుజువుగా న్యాయస్థానములో పెడితే అది నిలబడదు, చివరికి బీదవాడే ఓడిపోతాడు. ఇది ఊహ కాదు, 1985లో మన దేశ అత్యున్నత న్యాయస్థానములో జరిగిన సంగతి. దానిని నాలుగవ భాగములో చూద్దాము.

3. తూచే పద్ధతి

మన భాషలో వాదము, వితండవాదము అనే మాటలు వాడుకలో ఉన్నాయి. ఇవి గౌతముని న్యాయసూత్రములనుండి వచ్చిన పారిభాషిక పదములు. సత్యము తెలుసుకోవడానికి చేసేది వాదము. గెలవడానికి చేసేది జల్పము. తనకంటూ ఏ పక్షమూ లేకుండా ఎదుటివాని మాటను పడగొట్టడానికే చేసేది వితండము. మాట్లాడేవాని ఉద్దేశ్యమును బట్టి చర్చ స్వభావము మారుతుందని మన పెద్దలు ఎంత చక్కగా గుర్తించారో గమనించండి.

ఆధునిక కాలములో స్టీఫెన్ టూల్మిన్ అనే తత్త్వవేత్త 1958లో ప్రచురించిన గ్రంథములో వాదనను భాగములుగా విడదీసి చూపాడు. ఒక నిర్ణయము, దానికి ఆధారము, ఆధారమునుండి నిర్ణయమునకు దాటించే లంకె ముఖ్యమైనవి. చాలా వాదనలలో ఆధారము నిజమే అయి ఉంటుంది, తెగిపోయేది లంకె. గుడ్విన్ వాట్సన్, ఎడ్వర్డ్ గ్లేజర్ అనే అమెరికా విద్యావేత్తలు రూపొందించిన వివేచనా పరీక్షలో వాదన బలమునకు రెండు గుర్తులు పెట్టారు. అది ముఖ్యమైనదై ఉండాలి, అడిగిన ప్రశ్నకు నేరుగా సంబంధించి ఉండాలి. ముగింపుతో మనము ఏకీభవిస్తామా లేదా అనేది లెక్కలోనికి రాదు.

వీటన్నిటిని కలిపి కాపరులకు అనువుగా అయిదు ప్రశ్నలుగా చెప్పుకోవచ్చును.

ఒకటి: అసలు అడిగిన ప్రశ్న ఏమిటి? ప్రశ్న ఒకటైతే జవాబు మరొకదానికి చెప్పడము మోకాలికీ బోడిగుండుకూ ముడిపెట్టడమే.

రెండు: ఇది ఏ రకమైన మాట? ఉన్నదానిని గూర్చిన మాట వాస్తవము. ఉండవలసినదానిని గూర్చిన మాట విలువ. రాజ్యాంగము, శాసనము ఏమంటున్నాయో చెప్పే మాట చట్టము. ఏమి చేయాలో చెప్పే మాట పరిష్కారము. ఈ నాలుగింటికి రుజువు నాలుగు విధములు. వాస్తవమునకు లెక్కలు, సాక్ష్యములు కావాలి. విలువకు వేదాంత, నైతిక ఆధారము కావాలి. ఒకదాని రుజువు మరొకదానికి చెల్లదు.

మూడు: ఆధారము ఎంతవరకు మోయగలదు? ఒక ఊరి సంఘటన ఆ ఊరిని గూర్చి చెబుతుంది. దేశమంతటిని గూర్చి చెప్పాలంటే మరిన్ని కావాలి. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టు విన్న ప్రతి అంకెనూ ప్రసంగములో చెప్పకూడదు.

నాలుగు: లంకె నిలుస్తుందా? ఆధారము నిజమైనా నిర్ణయము తప్పు కావచ్చునా అని అడగాలి.

అయిదు: ఎదుటి పక్షములో అన్నిటికంటె బలమైన వాదన ఏది? బలహీనమైనదానిని ఎంచుకొని పడగొట్టడము సులభము. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనేవాడు ఈ అయిదవ ప్రశ్న దగ్గరకు ఎన్నడూ రాడు.

4. ప్రశ్న యొక్క నేపథ్యము

1936లో బ్రిటిషు ప్రభుత్వము ఇచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వులోనే భారతీయ క్రైస్తవులను ఆ జాబితాలో లెక్కించరాదని ఉన్నది. స్వాతంత్ర్యము తరువాత రాజ్యాంగములోని 341వ అధికరణము క్రింద 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. దాని మూడవ పేరా ప్రకారము హిందూ మతము కాక వేరొక మతమును అవలంబించేవారు షెడ్యూల్డు కులస్థులు కారు. పంజాబు ప్రాంతములోని నాలుగు సిక్కు కులములకు అప్పుడే మినహాయింపు ఇచ్చారు. 1956లో సిక్కులందరికి, 1990లో బౌద్ధులకు ఈ హోదా వర్తించేలా సవరించారు. క్రైస్తవులు, ముస్లింలు బయటనే ఉన్నారు. మన రాష్ట్రములలో షెడ్యూల్డు కులములనుండి క్రైస్తవులైనవారిని, వారి సంతతిని వెనుకబడిన తరగతులలో ‘సి’ గ్రూపుగా ఒక శాతము రిజర్వేషనుతో ఉంచారు.

ఇప్పుడు 1985 నాటి తీర్పు. మద్రాసులో రోడ్డు ప్రక్కన చెప్పులు కుట్టుకొని జీవించేవాడు సూసై. ఆది ద్రావిడ కులమునుండి క్రైస్తవుడైనవాడు. షెడ్యూల్డు కులాల చర్మకారులకు ప్రభుత్వము ఉచితముగా బడ్డీలు ఇచ్చినప్పుడు తనకు ఇవ్వలేదని, కారణము తన మతమేనని సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. పని అదే, కులము అదే, రోడ్డు అదే. జాలితో చూస్తే ఇంతకంటె స్పష్టమైన వ్యాజ్యము ఉండదు. అయినను 1985 సెప్టెంబరు 30న అతని పిటిషను కొట్టివేయబడింది.

కోర్టు చెప్పిన కారణము సెమినరీ విద్యార్థులందరు చదవదగినది. మతము మారిన తరువాత కులము కొనసాగుతున్నదని చూపితే చాలదు, ఆ కులము వలన మొదటి సమాజములో కలిగిన ఆటంకములు క్రొత్త మతసమాజములో కూడా అంతే తీవ్రతతో కొనసాగుతున్నాయని స్థాపించాలి అన్నది. క్రైస్తవ సమాజపు నాటి స్థితిగతులను గూర్చిన ప్రామాణికమైన, వివరమైన అధ్యయనమేదీ తన ముందుకు రాలేదని కూడా పేర్కొన్నది. ఇదే మన వ్యాసమునకు కేంద్రము. సూసై కష్టము నిజము కాదని కోర్టు అనలేదు. ఆ కష్టమునుండి చట్టము మార్పునకు దాటించే రుజువు లేదన్నది. ఆ రుజువును సేకరించగలిగిన స్థితిలో ఉన్నది ఎవరు? బాప్తిస్మపు రిజిస్టర్లు, వివాహపు రిజిస్టర్లు, సమాధుల తోటలు ఎవరి ఆధీనములో ఉన్నాయో వారే, అనగా సంఘములే.

5. అనుకూల వాదనలు

(అ) ‘క్రైస్తవులు ఆసుపత్రులు, పాఠశాలలు కట్టి దేశమునకు సేవ చేశారు గనుక ఈ హోదా ఇవ్వాలి.’ ఇది మన సభలలో తరచుగా వినిపించే మాట. ఆధారము నిజమే. లంకె మాత్రము లేదు. షెడ్యూల్డు కుల హోదా సేవకు బహుమానము కాదు, అంటరానితనము వలన కలిగిన నష్టమునకు పరిహారము. పైగా ఈ మాట ఎదుటివారికి, ఇన్ని సంస్థలున్న సమాజమునకు సహాయమెందుకు అనే వాదనను అందిస్తుంది. మన ఓట్లు ఇన్ని ఉన్నాయి గనుక ఇవ్వాలి అనడము కూడా ఇటువంటిదే. అది బలప్రదర్శన, హేతువు కాదు.

(ఆ) ‘సిక్కులకు, బౌద్ధులకు ఇచ్చినప్పుడు మనకెందుకు ఇవ్వరు?’ పైకి ఇది అసూయవలె వినిపించినా తూచి చూస్తే చాలా బరువైన వాదన. సమానత్వము ముఖ్యమైన విషయము, ప్రశ్నకు నేరుగా సంబంధించినది. సిక్కు, బౌద్ధ మతములు ఈ దేశములో పుట్టినవి, రాజ్యాంగము 25వ అధికరణములోని వివరణ వారిని హిందువులతో కలిపి చెప్పింది అని దీనికి ఒక జవాబున్నది. ఆ వివరణను తెరచి చదవాలి. అది హిందూ మత సంస్థలను అన్ని వర్గములకు తెరచే శాసనముల సందర్భములో ఇచ్చినది. షెడ్యూల్డు కులముల జాబితాను గూర్చి అక్కడ ఏమీ లేదు. సిద్ధాంతరీత్యా కులమును ఒప్పుకోని మతములో కూడా కులబాధ కొనసాగవచ్చునని 1990 సవరణలోనే అంగీకారము దాగి ఉన్నది. బౌద్ధమునకు వర్తించిన ఆ సూత్రము క్రైస్తవమునకు ఎందుకు వర్తించదో చెప్పే భారము ఎదుటివారి మీద పడుతుంది.

(ఇ) ‘కారంచేడు చూడండి.’ 1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలు హత్యకు గురైనారు. ఆ పల్లెలో చాలామంది క్రైస్తవులు. సూసై తీర్పు వెలువడినది అదే సంవత్సరము, రెండున్నర నెలల తరువాత. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిదిమంది దళితులు చంపబడ్డారు. దాడి చేసినవారు బాప్తిస్మము పొందినవారెవరో, పొందనివారెవరో విచారించలేదు.

ఈ వాదన హృదయమును కలచివేస్తుంది. అయినను మన త్రాసులో పెట్టి చూడాలి. సూసై తీర్పు అడిగినది క్రొత్త మతసమాజములో, అంటే క్రైస్తవుల మధ్య, ఆటంకములు కొనసాగుతున్నాయా అని. కారంచేడు చూపేది ఊరిలో, అంటే బయటి సమాజములో, కొనసాగుతున్నాయని. కనుక ఆ సంఘటన కోర్టు ప్రశ్నకు నేరుగా జవాబు కాదు. అంతటితో వాదనను పారవేయనక్కరలేదు, ఒక మెట్టు చేర్చాలి. క్రైస్తవుడు నివసించేది గుడిలో కాదు, ఊరిలో. అతడు కూలికి వెళ్ళేది, నీళ్ళు తెచ్చుకునేది, బస్సెక్కేది ఆ ఊరిలోనే. కావున ఆటంకములను కొలవవలసిన సమాజము సంఘము మాత్రమే కాదు, ఊరు అని ముందు స్థాపించాలి. అప్పుడు కారంచేడు, చుండూరు బలమైన ఆధారములౌతాయి. ఈ మెట్టు వదలివేసి ఫోటోలు చూపి కన్నీరు తెప్పిస్తే సభ కదులుతుందేమో గాని వాదన కదలదు.

(ఈ) ‘సంఘములో కూడా కులము ఉన్నది.’ ఇది సూసై పరీక్షకు నేరుగా జవాబిచ్చే వాదన. తిరుచిరాపల్లిలో ఒక కతోలిక సమాధుల తోటను కులము ప్రకారము గోడ విడదీసింది. మన ప్రాంతములో మిషనులు విస్తరించిన తీరులోనే ఒక మిషను సంఘములు ప్రధానముగా మాలలతోను, మరొక మిషను సంఘములు ప్రధానముగా మాదిగలతోను నిండినవి. వివాహ సంబంధములు నేటికి ఏ హద్దులు దాటడము లేదో కాపరులకు చెప్పనక్కరలేదు. అయితే ఈ వాదన రెండంచుల ఖడ్గము. దీనిని ప్రయోగించేవాడు ముందు తన సంఘమునకు విరోధముగా సాక్ష్యమివ్వాలి. న్యాయస్థానములో ఉన్నదని చెప్పి, సంఘ కమిటీ ఎన్నికలలో లేదని చెప్పడము కుదరదు.

(ఉ) అధ్యయనములు. 2007లో జస్టిస్ రంగనాథ్ మిశ్రా కమిషను మతముతో నిమిత్తము లేకుండా హోదా ఇవ్వాలని, మూడవ పేరాను తొలగించాలని సిఫారసు చేసింది. ఇది మన వినతిపత్రములలో తప్పక కనిపిస్తుంది. ఆ కమిషను సభ్యకార్యదర్శి ఆశా దాస్ దానితో విభేదించి వ్రాసిన మాట మాత్రము కనిపించదు. 2008లో సతీష్ దేశ్‌పాండే జాతీయ మైనారిటీల కమిషను కొరకు, అప్పటికి లభ్యమైన పరిశోధనలను, నమూనా సర్వే లెక్కలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. హోదా నిరాకరించడానికి తగిన ఆధారము లేదని, దళితులలో మతమును బట్టి ఉన్న తేడాలు దళితులకు ఇతరులకు మధ్యనున్న తేడాలంత పెద్దవి కావని దాని సారాంశము. 1985లో కోర్టు లేదన్నది ఇటువంటి అధ్యయనమునే. భావోద్రేకముతో చేసే పది ప్రసంగముల కంటె ఇటువంటి ఒక్క నివేదిక బరువైనది. కమిషను సిఫారసు చేసింది గనుక నిజము అనకుండా, ఏ ఆధారము మీద చేసింది అని చదవడము మన పని.

6. ప్రతికూల వాదనలు

(అ) ‘క్రైస్తవ మతములో కులము లేదు, మీ బైబిలే అంటున్నది.’ గలతీ 3:28ని చూపి ఈ మాట అంటారు. ఇక్కడ విలువను వాస్తవముగా మార్చివేశారు. క్రీస్తునందు భేదము ఉండకూడదు, ఆయన దృష్టిలో లేదు అనేది సువార్త. ధనవంతునికి మంచి స్థలమిచ్చి దరిద్రుని నిలబెట్టిన సంఘమును యాకోబు గద్దించాడంటే (యాకోబు 2:1-9) ఆదిసంఘములోనే ఆ భేదము ఉన్నదన్నమాట. దొంగతనము తప్పు అనే చట్టమున్నంత మాత్రాన దొంగలు లేరని రుజువు కాదు. అయితే మనము కూడా ఈ పొరపాటునకు దారి ఇస్తున్నాము. మాలో కులము లేదని వేదిక మీద గొప్పగా చెప్పే ప్రతిసారీ ఎదుటివారికి సాక్ష్యము అందిస్తున్నాము. కులము ఉండకూడదు, కాని ఉన్నది అనడమే సత్యము. ఆ మాటకు మన పాపపుటొప్పుకోలు ప్రార్థనలో కూడా చోటు ఉండాలి.

(ఆ) ‘హోదా ఇస్తే మతమార్పిడులు పెరుగుతాయి.’ ఇది రాబోయేదానిని గూర్చిన మాట, రుజువు కావాలి. అంతేగాక దీనిలో ఒక ఒప్పుకోలు ఉన్నది. ఇప్పటి నియమము ప్రజలను ఒక మతములో నిలిపి ఉంచుతున్నదని ఇది అంగీకరిస్తున్నది. ప్రయోజనము కొరకే మతము మారుతారనే అనుమానము పాతదే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసుకొని వేలమందికి పని కల్పించినప్పుడు, కూడు కొరకు వచ్చారనే మాట రాకూడదని బాప్తిస్మములు ఆపివేశాడు. తరువాత 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు. మాదిగ పెద్ద ఎర్రగుంట్ల పేరయ్య 1866లోనే, అంటే కరువుకు పదేండ్ల ముందే, విశ్వసించాడు. ఈ తేదీలు మనుష్యుల అంతరంగమును చూపలేవు. కూడు పెట్టి బాప్తిస్మమిచ్చారన్న ఆరోపణ ఆ రూపములో నిలవదని మాత్రము చూపగలవు. ఆధారము మోయగలిగినంతే మోయించాలని దీనివలన నేర్చుకుంటాము.

(ఇ) ‘ఇప్పుడున్న షెడ్యూల్డు కులాల వాటా తగ్గిపోతుంది.’ ప్రతికూల వాదనలలో ఇది అన్నిటికంటె బలమైనది. ఇది ముఖ్యమైనది, నేరుగా సంబంధించినది, పైగా బాధితులే చెప్పే మాట. కేంద్రములో వారి వాటా 15 శాతము. మొత్తము రిజర్వేషన్లకు 50 శాతము పరిమితిని 1992లో ఇంద్రా సహానీ తీర్పు విధించింది. పెంచకుండా జనమును చేర్చితే ప్రక్క ఇంటి దళితుని పళ్ళెములోనుండి తీసుకోవడమే. దీనిని ద్వేషమని కొట్టివేయకూడదు. దీనికి జవాబు పరిష్కారము స్థాయిలో వెదకాలి. హోదా ఒక్కటే మూట కాదు. ఉద్యోగ, విద్యా రిజర్వేషన్లు ఒకటి, చట్టసభలలో స్థానములు ఒకటి, 1989 అత్యాచార నిరోధక చట్టపు రక్షణ ఒకటి. ఈ మూడవదాని వలన ఇతరుల వాటా తగ్గదు. ఈ రక్షణ మతము మారిన వ్యక్తికి వర్తించదని 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పు చెప్పినందున దానిని వేరుగా వాదించవలసిన అవసరము మరింత స్పష్టమైనది. షెడ్యూల్డు కులాలను ఉపవర్గములుగా విభజించవచ్చునని 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పింది. దానితో వాటాను వేరుపరచే మార్గమును గూర్చి కూడా ఆలోచించడానికి అవకాశమున్నది. ఏది కోరుతున్నామో విడదీసి చెప్పనంతవరకు ఈ అభ్యంతరము నిలిచే ఉంటుంది.

(ఈ) ‘గుడికి వెళ్తూ హిందువులమని సర్టిఫికెట్లు తీసుకుంటున్నారు.’ ఇది మన సంఘములలో అందరికి తెలిసిన, ఎవరూ పైకి అనని విషయము. 2024 నవంబరులో పుదుచ్చేరి నుండి వచ్చిన ఒక వ్యాజ్యములో, కేవలము రిజర్వేషను కొరకు వేరొక మతము చెప్పుకోవడము రాజ్యాంగమును మోసగించడమేనని సుప్రీంకోర్టు అన్నది. ఈ ఒక్క వాస్తవమునుండి రెండు నిర్ణయములు తీస్తున్నారు. వీరు మోసగాళ్ళు గనుక హోదా ఇవ్వకూడదని ఒకరు, చట్టమే వీరిని అబద్ధమునకు నెట్టుతున్నది గనుక చట్టము మారాలని మరొకరు. మొదటి లంకె బలహీనము. కొందరి ప్రవర్తన వలన సమూహపు హక్కు పోదు. రెండవదానిలో సత్యమున్నది. 1976లో గుంటూరు వైద్య కళాశాలకు సంబంధించిన తీర్పులో, క్రైస్తవులైన తల్లిదండ్రులకు పుట్టిన విద్యార్థి హిందూ మతములోకి మారి, కులస్థులు అంగీకరిస్తే ఆ కులపు హోదా పొందవచ్చునని కోర్టు చెప్పింది. అతని పేదరికము గాని ఊరిలో అతని స్థానము గాని మధ్యలో మారలేదు. అయినను ఒక హద్దు గుర్తుంచుకోవాలి. నిజము చెప్పడమును ఖరీదైనదిగా చేసే చట్టము అన్యాయమైనదే. అందువలన అబద్ధము నిజమైపోదు. ఈ రెండు మాటలు కలిపి చెప్పగలిగినవాడే ఆ కుటుంబములకు కాపరి కాగలడు.

7. తూకము ఫలితము, మన బాధ్యత

మొత్తము తూచి చూస్తే అనుకూల పక్షములో నిలిచేవి మూడు: సమానత్వ వాదన, ఊరే కొలమానమనే మెట్టు చేర్చిన తరువాత హింసను గూర్చిన వాదన, అధ్యయనముల వాదన. ప్రతికూల పక్షములో నిలిచేది ఒకటి, వాటా వాదన. మిగిలినవి ఎంత గట్టిగా కేకవేసినా తేలికైనవి. ఈ ప్రశ్నను పరిశీలించడానికి కేంద్రము 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషనును నియమించింది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ హోదాకు అనుకూలముగా తీర్మానము చేసింది. తీర్మానములు రాజకీయ సంకల్పమును చూపుతాయి, రుజువు స్థానమును అవి తీసుకోవు.

కాపరులు చేయగలిగినవి నాలుగున్నాయి. మొదటిది, సంఘపు లెక్కలు సరిగా వ్రాయాలి. కుటుంబము చేసే పని, భూమి, పిల్లలు ఎంతవరకు చదివినది, ఊరిలో ఎదురైన వివక్ష సంఘటన తేదీతో సహా. కాకిలెక్కలు వద్దు, ఉన్నది ఉన్నట్టు. కుటుంబముల అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా చేయవలసిన పని ఇది. రెండవది, వినతిపత్రము మీద సంతకము చేయకముందు ఈ అయిదు ప్రశ్నలు వేసి బలహీనమైన వాక్యములను కొట్టివేయాలి. నాలుగు పేజీల కంటె బరువైన ఒక పేజీ మేలు. మూడవది, ప్రసంగములో వాక్యమును, మన అభిప్రాయమును విడదీసి చెప్పాలి. దేవుడు పక్షపాతము లేనివాడు అనేది వాక్యము. మూడవ పేరా తొలగించాలి అనేది ఆ వాక్యమునుండి మనము తీసిన నిర్ణయము. విశ్వాసికి ఈ తేడా తెలిసే హక్కు ఉన్నది. నాలుగవది సెమినరీలకు సంబంధించినది. తరగతిలో విద్యార్థి చేత తాను అంగీకరించని పక్షమును వ్రాయించాలి. ఆ పక్షమువారు చదివి, మా మాట సరిగానే చెప్పాడు అనేవరకు దిద్దించాలి. ఆ తరువాతనే దానికి జవాబు వ్రాయించాలి.

8. ముగింపు

తప్పుడు త్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము చెబుతున్నది (11:1). ఆ మాటను బజారులోని తూకములకే పరిమితము చేయనక్కరలేదు. మన పక్షపు వాదనకు ఒక రాయి, ఎదుటి పక్షపు వాదనకు మరొక రాయి వాడేవాడు కూడా తప్పుడు త్రాసు పట్టినవాడే. సూసై వంటివారు నేటికి మన సంఘములలో వెనుక వరుసలలో కూర్చున్నారు. వారికి మన కన్నీరు కావాలి, దానితోపాటు న్యాయస్థానములో ఎదుటి న్యాయవాది లేచి ప్రశ్నించినప్పుడు నిలబడే మాట కూడా కావాలి. ఆ మాటను సిద్ధపరచడము కూడా పరిచర్యయే.